తొమ్మిదికి అరగంట ఇటా, అటా

ఆడవాళ్ళ వార్డు, కొండమీది ఆసుపత్రి
కీత్లీ, యార్క్‌షైర్
1994 జనవరి 6, గురువారం

ప్రియమైన ఫెమ్కెకు,

విరిగింది కాలు కాదమ్మాయ్, తుంటి. కాలు విరగడం ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళకు జరుగుతుంది. పిండికట్టు మీద స్నేహితులు బొమ్మలు గీసి సంతకాలు పెడతారు. తుంటి విరిగిన మనిషి చుట్టూ మాత్రం జనం గొంతు తగ్గించుకుని చేరతారు. ఆ మనిషి ఎదురుగానే "ఆవిడకు చెప్పారా?" అని ఒకరినొకరు అడుగుతారు. నీ కార్డులో దిద్దాల్సింది ఇంకోటి కూడా ఉంది. నేను మంచు మీద జారిపడలేదు. డెబ్బై తొమ్మిదేళ్ళుగా ఈ ఊరి మంచు మీద నడుస్తున్నాను, అది నన్నేమీ చేయలేదు. నేను పడింది మా సెల్లార్ మెట్ల మీద, రాత్రి గౌనులో, చేతిలో టార్చితో. ఇది చెప్పుకోవడానికి మంచుకథ కన్నా చిన్నతనంగా ఉంటుంది. అయినా జరిగింది ఇదే.

మూడోది తప్పు కాదు, అతిమర్యాద. "మిసెస్ క్రాబ్‌ట్రీ గారికి" అని రాశావు. నన్ను అలా పిలిచేవాళ్ళంతా నా దగ్గర లాటిన్ తప్పినవాళ్ళు. నువ్వు నా మనవణ్ణి పెళ్ళి చేసుకున్నావు, అంతకన్నా కష్టమైన పరీక్షకు కూర్చున్నట్టే. నానమ్మా అను, చాలు.

ఇంత దిద్దాక చెబుతున్నాను, నీ కార్డుకు నేను చాలా కృతజ్ఞురాలిని. పెళ్ళిరోజున ఒకసారి, ఆ తరవాత టీకి ఒకసారి, రెండేసార్లు చూసిన ముసలిదానికి లీడ్స్ నుంచి కూర్చుని రాశావు. ఇక్కడ చక్రాల బల్ల మీద టెలిఫోను తిప్పుతారు కానీ, ఫోనులో నా చెవికి మనుషుల మాటలు కందిరీగల్లా వినిపిస్తాయి. కాగితం మీద అయితే నేనెవరికీ తీసిపోను.

ఇప్పుడు అసలు సంగతి. ఇల్లు వెచ్చబెట్టే మా బాయిలర్ నేలకింద సెల్లార్‌లో ఉంటుంది. పొద్దున దాన్ని వెలిగించి, మధ్యాహ్నం ఆర్పి, సాయంత్రం మళ్ళీ వెలిగించే టైమర్ కూడా అక్కడే, పక్కగోడకు ఉంటుంది. క్రిస్మస్ ముందు ఆ టైమర్ చచ్చింది. బాయిలర్‌కు ఏ జబ్బూ లేదు. మీట చేత్తో నొక్కితే బుద్ధిగా పనిచేస్తుంది. కాబట్టి పొద్దున్నే దిగి నొక్కడం, పడుకునే ముందు దిగి ఆపడం నా ఉద్యోగమైంది. ఒక పొద్దున, దిగుతున్నప్పుడు, మెట్లు అయిపోయాయనుకున్నాను. ఒకటి మిగిలే ఉంది. పాలసీసాలు పెట్టడానికొచ్చిన మనిషి నా కేకలు విన్నాడు. కేకల్లో కూడా వాక్యాలు పూర్తిగా ఉన్నాయని అతను అంబులెన్సువాళ్ళతో మెచ్చుకోలుగా చెప్పడం నాకు వినబడింది. బతికుండగా అతని మేలు మరవను.

తుంటికి కొత్త బంతి వేశారు. కర్ర పట్టుకుని వార్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తున్నాను. కానీ ఇక్కడ మిసెస్ పార్జిటర్ అని ఒకావిడ ఉంది. మనం ఇంట్లో ఒంటరిగా బతకగలమా లేదా అని తేల్చడం ఆవిడ పని. ఆవిడ చెప్పింది సూటిగానే ఉంది. నేను ఇక జన్మలో సెల్లార్ మెట్లు దిగకూడదు. దిగకుండా ఇల్లు వెచ్చగా ఉంటుందని ఆవిడ కళ్ళారా చూడాలి. చూస్తే ఇంటికి పంపుతుంది. లేకపోతే ఊరి బయట వృద్ధుల నివాసంలో ఒక గది ఖాళీగా ఉందట, అక్కడికి. అక్కడ మధ్యాహ్నాలు అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి పాటకు చప్పట్లు కొట్టిస్తారు. పక్కమంచం ఆలివ్ వాళ్ళ అక్క అక్కడే ఉంది. వెళ్ళినప్పుడు వసంతం దాకానే అన్నారట. అది మూడు వసంతాల కిందటి మాట.

అంటే నా ఇల్లు, నా వంటగది, నా పొద్దుటి టీ, అన్నీ ఇప్పుడు ఆ టైమర్ మీద ఆధారపడి ఉన్నాయి. మనవడు డంకన్ ఏప్రిల్ దాకా దక్షిణ సముద్రంలో పెంగ్విన్ల మధ్య నీటిలోతులు కొలుస్తుంటాడు. వాడి నాన్న నాకంటే ముందే వెళ్ళిపోయాడు. నిన్నే అడగాల్సి వస్తోంది. తాళంచెవి దీనితో పంపుతున్నాను. మా బాయిలర్ చూసే మిస్టర్ సగ్డెన్ పక్కవీధిలోనే ఉంటాడు. అతన్ని పట్టుకుని కొత్త టైమర్ పెట్టించు. నువ్వు నాటకాల్లో వేషాలు వేస్తావని డంకన్ చెప్పాడు. అతను తటపటాయిస్తే కాస్త కన్నీళ్ళు పెట్టుకో.

ముందే కృతజ్ఞతలతో,
నానమ్మ ఎనిడ్


లీడ్స్
జనవరి 10, సోమవారం

ప్రియమైన నానమ్మకు,

మొదట నేను కూడా ఒకటి దిద్దవచ్చా? నేను వేషాలు వేయను. వేదిక మీదికి నేను వెళ్ళేది తెర మూసి ఉన్నప్పుడు, నిచ్చెనతో. నా పని లైట్లు. దీపాలు బిగించడం, వైర్లు లాగడం, ఏది ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో అమర్చడం. అందుకని మిస్టర్ సగ్డెన్ ముందు కన్నీళ్ళు రాలేదు. ప్రయత్నించాను కానీ తుమ్ములొచ్చాయి.

ఆదివారం మీ ఇంటికి వెళ్ళాను. కిటికీకి లోపలివైపు కూడా మంచు ఉంది. మిస్టర్ సగ్డెన్ చాలా మంచాయన. మీ గురించి అడిగారు. మీరు వాళ్ళబ్బాయికి లాటిన్ చెప్పారట, వాడికి ఇప్పటికీ కలలో మీరు వస్తారట. అయితే ఈ చలికి ఊళ్ళో సగం బాయిలర్లు మొరాయించాయి. ఫిబ్రవరి మధ్యదాకా ఆయనకు తీరదు. "ఆవిడకోసమైనా చేద్దును గానీ, పసిపిల్లలున్న ఇళ్ళు ముందు చూడాలి కదమ్మా" అన్నారు. ఆయన్ని ఏమీ అనలేకపోయాను.

అందుకని నేనే సెల్లార్‌లోకి దిగి చూశాను. టైమర్ మూత తీశాను. గుండ్రటి పళ్ళెం, చుట్టూ చిన్న చిన్న మేకులు, వెనక బొటనవేలంత మోటారు. మోటారు కాలిపోయింది. దానికి చికిత్స లేదు. కొత్తది కొనాలి, వెనక వైర్లు పాతవాటి స్థానాల్లోనే బిగించాలి. ఇది నాకు వచ్చిన పని. మా థియేటరులో ఇంతకన్నా ముసలి మీటలున్నాయి. మీరు ఒప్పుకుంటే నేను చేస్తాను. చేశాక మిస్టర్ సగ్డెన్ ఒక సాయంత్రం వచ్చి చూసి సరేననడానికి ఒప్పుకున్నారు.

ఇంకొక ఆలోచన. ఎలాగూ కొత్తది పెడుతున్నాం కదా, దాన్ని సెల్లార్‌లోంచి పైకి, వంటగదిలోకి తెస్తే? మీ వంటగది కిటికీ పక్కన, కేలండర్ ఉన్న గోడ ఖాళీగానే ఉంది. వైరు పైకి లాగడం కష్టం కాదు.

మీరు నాకు ఉత్తరం రాసినందుకు చాలా సంతోషం. హాలండు నుంచి ఈ దేశం వచ్చి నాలుగు నెలలైంది. డంకన్ మూడో వారమే ఓడెక్కాడు. నాకు వచ్చే కవర్లన్నీ కరెంటు కంపెనీవాళ్ళవే. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి బస్సులో. పక్కన కూర్చున్నావిడ నేనెందుకు నవ్వుతున్నానో అడిగింది. తుంటి విరిగిందని చెప్పాను. ఆవిడ సీటు మారింది.

ప్రేమతో,
ఫెమ్కె


ఆడవాళ్ళ వార్డు
జనవరి 12, బుధవారం

ప్రియమైన ఫెమ్కెకు,

లైట్లమ్మాయివన్నమాట. డంకన్ "తను థియేటర్‌లో ఉంటుంది" అన్నాడు, మిగతాది నేనే కల్పించుకున్నాను. పెళ్ళినాటి నుంచీ, వేషాలు వేసేవాళ్ళు ఇంత తక్కువ మాట్లాడతారా అని ఆశ్చర్యపోతూనే ఉన్నాను. సవరణ స్వీకరించాను.

నువ్వే చేయి. చేసేముందు కరెంటు ఆపుతావని నమ్ముతాను. ఒక కుటుంబం నుంచి ఆసుపత్రికి ఒకరు చాలు. సగ్డెన్ కొడుకు గురించి విని మనసు చల్లబడింది. వాడికి వర్తమానకాలం కూడా సరిగ్గా రాలేదు. కలలోకి ఏ కాలంలో వస్తున్నానో మరి.

వంటగది సంగతి మాత్రం వద్దు. టైమర్ ఉండాల్సింది బాయిలర్ పక్కన. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంది. నేను గంజి తాగుతుంటే యంత్రం ఒకటి గోడమీంచి నన్ను చూస్తూ కూర్చోవడం నాకిష్టం లేదు. పైగా అది పైన ఎందుకు? ఒకసారి వేళలు పెట్టి వదిలేస్తే దానంతట అదే వెలుగుతుంది, దానంతట అదే ఆరుతుంది. టైమర్ అనేది అందుకే కదా. ఎక్కడున్నదాన్ని అక్కడే పెట్టు.

ఇక జాగ్రత్తగా చదువు. పార్జిటర్ వచ్చే బుధవారం, 19న, నన్ను కారులో ఎక్కించుకుని ఇల్లు చూడటానికి వస్తుంది. నాచేత టీ పెట్టించి, నన్ను కుర్చీలోంచి లేపించి, మంచమెక్కించి చూస్తుందట. అన్నిటికంటే ముందు ఇల్లు వెచ్చగా ఉందా అని చూస్తుంది. హాఫ్ నైన్‌కి వస్తామని చెప్పింది. మాది రాతి ఇల్లు. వేడెక్కడానికి గంట పడుతుంది. కాబట్టి టైమర్ హాఫ్ ఎయిట్‌కి వెలిగేలా పెట్టు. అంతకన్నా ముందొద్దు, ఉత్తగోడలకు గ్యాసు తగలేయడం నాకు గిట్టదు. నువ్వు మేం వచ్చేసరికి అక్కడుంటే చాలు.

నిన్న రాత్రి నిద్రపట్టక మా ఇల్లు మనసులో తిరిగాను. తలుపు తీసి, కోటు తగిలించి, కెటిల్ పొయ్యిమీద పెట్టి. ఆశ్చర్యమేమిటంటే, ఆ తిరగడంలో నువ్వు కూడా ఉన్నావు. స్క్రూడ్రైవర్ పట్టుకుని అడ్డంగా నిలబడ్డావు. తప్పుకోమన్నాను, నువ్వు తప్పుకోలేదు.

నీ సాయానికి ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియక ఇలా రాస్తున్నాను. అర్థం చేసుకో.

ప్రేమతో,
నానమ్మ


మీ ఇల్లు, మీ వంటగది బల్ల
జనవరి 16, ఆదివారం

ప్రియమైన నానమ్మకు,

అయింది. ఇప్పుడే అయింది, చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి, కాగితం మీది మరకలకు క్షమించండి.

కరెంటు ఆపాను. ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాను. మా థియేటరులో ఇదే పద్ధతి. ఫ్యూజు నా జేబులో ఉంటే ఇంకెవరూ పొరపాటున కరెంటు పెట్టలేరు. ఇంట్లో ఇంకెవరూ లేరని తెలుసు, అయినా అలవాటు. ప్రతి వైరుకూ విప్పకముందే కాగితం ముక్క అంటించి పేరు రాశాను. కొత్త టైమర్‌కు బిగించి, ఫ్యూజు పెట్టి, పళ్ళెం వేలితో తిప్పాను. మేకు మీటను తాకగానే కింద బాయిలర్ గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసి వెలిగింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను కానీ చప్పట్లు కొట్టాను.

మిస్టర్ సగ్డెన్ వచ్చి ప్రతి స్క్రూనూ లాగి చూశారు. టీ తాగారు. ఏమీ దిద్దలేదు.

వేళలు మీరు చెప్పినట్టే పెట్టాను. మీరు రాసినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప. అది ఏమిటో వచ్చినప్పుడు చూస్తారు. కోప్పడితే బుధవారం కోప్పడండి, ఇప్పుడే ఉత్తరంలో వద్దు. ఉత్తరంలో మీరు కోప్పడితే నాకు జవాబు తోచదు.

బాయిలర్ వేడినీళ్ళతో వెచ్చబడ్డ రేడియేటర్ మీద మీ గళ్ళ దుప్పటి ఆరేశాను. చెమ్మ వాసన పోతోంది. వంటగది కిటికీలో మంచు కరిగి గోడ మీదుగా కారుతోంది. దాన్ని తుడవడం కూడా నాకు పండగలా ఉంది.

ప్రేమతో,
ఫెమ్కె


లీడ్స్
జనవరి 20, గురువారం

ప్రియమైన నానమ్మకు,

నిన్న రాత్రంతా ఆలోచించి ఇది రాస్తున్నాను.

ముందు ఒక ఫిర్యాదు. మీరు నాకు కామాలు కూడా దిద్దుతారు, అందుకే చెప్పగలుగుతున్నాను. మీరు హాఫ్ నైన్ అని రాశారు. నేను చీకట్లోనే మొదటి రైలు పట్టుకుని వచ్చాను. ఇల్లు వెచ్చబడింది. బల్ల తుడిచాను, కప్పులు పెట్టాను. హాఫ్ నైన్ అయింది, కారు రాలేదు. మీకు ఏమైనా అయిందేమోనని గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. పావుగంట ఆలస్యంగా వచ్చారు. మిసెస్ పార్జిటర్ క్షమించమని కూడా అనలేదు, పైగా నన్ను చూసి తనే ఆశ్చర్యపోయింది. "అప్పుడే వచ్చేశారే మీరు" అంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు అలా అనడం ఇంగ్లండులో మర్యాదా? నాకు తెలియక అడుగుతున్నాను.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు. టైమర్‌ను పైకి తెచ్చినందుకు మీకు చాలా కోపం వచ్చిందని తెలిసింది. మీరు వద్దని రాశారు. నేను విన్నాను, కానీ వినలేదు. ఆదివారం సెల్లార్‌లో నిలబడి ఆ మెట్లు చూశాను. ఆఖరి మెట్టు మీద మీ చెప్పు ఒకటి ఇంకా అక్కడే ఉంది. ఈ టైమర్‌కు కూడా కరెంటు పోతే గడియారం ఆగిపోతుంది. మళ్ళీ తిప్పడానికి ఎవరైనా దిగాలి. మీరు దిగరని మిసెస్ పార్జిటర్‌కు మాట ఇస్తారు. కానీ చలేస్తే దిగుతారు. నానమ్మా, మీరు దిగుతారు. అందుకే తెచ్చాను. గంజి తాగేటప్పుడు మిమ్మల్ని చూడకూడదన్నారని గోడమీద కాకుండా, సామాన్ల అలమారా లోపల, ఓట్స్ డబ్బా పక్కన పెట్టాను. తలుపు వేస్తే కనబడదు.

మిసెస్ పార్జిటర్ అడిగినప్పుడు నేను మధ్యలో మాట్లాడటం కూడా తప్పే. "మార్చిలో వేసవి వేళ కోసం గడియారాలు గంట ముందుకు తిప్పుతాం కదా. అప్పుడు కిందికి ఎవరు దిగుతారు, మిసెస్ క్రాబ్‌ట్రీ?" అని ఆవిడ అడిగితే, నేను ఆగలేక "ఎవరూ దిగరు, అది ఇక్కడే ఉంది" అని అలమారా తెరిచేశాను. మీ ఇంట్లో, మిమ్మల్ని అడిగిన ప్రశ్నకు.

ఆ తరవాత మీరు టీ పెట్టారు, కుర్చీలోంచి లేచారు, మంచమెక్కారు. అన్నీ చేశారు కానీ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళేముందు హాల్లో రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి, నాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. కారెక్కేటప్పుడు కూడా చూడలేదు. ఆవిడ ఏం తేల్చిందో నాకు ఎవరూ చెప్పలేదు. అడగడానికి భయంగా ఉంది.

మీరు కావాలంటే మళ్ళీ కిందికి మారుస్తాను. ఒక్క ఆదివారం పని.

క్షమించమని,
ఫెమ్కె


ఆడవాళ్ళ వార్డు (ఆఖరి ఉత్తరం)
జనవరి 24, సోమవారం

ప్రియమైన ఫెమ్కెకు,

దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను. ఓట్స్ డబ్బా పక్కనే ఉండనీ.

గురువారం నన్ను ఇంటికి పంపిస్తున్నారు. పార్జిటర్ ఇవాళ మంచం పక్కన నిలబడి చెప్పింది. నేను హుందాగా తల ఊపాను. ఆవిడ వార్డు దాటగానే ఆలివ్ చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కానంటే, తను నర్సుని పిలిచింది.

ఇప్పుడు ఆ పావుగంట ఆలస్యం సంగతి. ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నీకు జ్వరమేమో అనుకున్నాను. రెండోసారి చదువుతుండగా తట్టింది. ఎంత నవ్వానో, కుట్లు వేసినచోట పట్టేసింది. అమ్మాయ్, మేం ఆలస్యంగా రాలేదు. మా దేశంలో హాఫ్ నైన్ అంటే తొమ్మిది దాటాక అరగంట. తొమ్మిదిన్నర. మీ హాలండులో ఆ మాటకే తొమ్మిదికి ఇంకా అరగంట ఉందని అర్థమని నాకు ఇవాళ తెలిసింది. రాత్రి డ్యూటీ నర్సు భర్త జర్మన్. వాళ్ళింట్లోనూ ఇదే గొడవట. వాళ్ళ పెళ్ళికి పెళ్ళికొడుకు గంట ముందు వచ్చి ఖాళీ చర్చిలో కూర్చున్నాడట. నీ థియేటరులోనూ రైల్వేలోనూ వేళలన్నీ ఇరవైనాలుగు గంటల లెక్కలో అంకెలుగా రాస్తారు కనుక, ఇన్నాళ్ళూ ఈ గోతిలో నువ్వు కాలు పెట్టలేదు. నేను రాసిన వేళలన్నీ నువ్వు గంట ముందుకు చదివావు. బాయిలర్ గంట ముందు వెలిగింది. నువ్వు గంట ముందు వచ్చావు.

పార్జిటర్ కూడా ముందే వచ్చింది. అది ఆవిడ పద్ధతి. బంధువులు ఇల్లు సర్దేసి చిరునవ్వులు తగిలించుకోకముందే చూడాలని, చెప్పిన వేళకు చాలా ముందు బయల్దేరుతుంది. ఈ సంగతి వార్డులో ఎవరికీ తెలియదు. నేను గంజిలో చెంచా పెట్టి ఉండగా చక్రాల కుర్చీ వచ్చింది. కారులో కూర్చుని గడియారం చూసుకున్నాను. ఇంకా ఎనిమిదిన్నర కాలేదు. నేను చెప్పిన వేళ ప్రకారం బాయిలర్ ఇంకా వెలగలేదు. నువ్వు ఇంకా రైల్లోనే ఉంటావు. ఇల్లు మంచుగడ్డలా, తలుపు తాళం వేసి ఉంటుంది. ఆవిడ రాసుకోబోయే వాక్యం నాకు అక్షరం అక్షరం కనబడింది. వీధి మలుపు తిరిగేదాకా నేను వృద్ధుల నివాసంలో గుండ్రంగా కూర్చుని చప్పట్లు కొడుతూనే ఉన్నాను.

మలుపు తిరిగాక, తొమ్మిదికి పావుగంట తక్కువకు, గుమ్మంలో నువ్వు నిలబడి ఉన్నావు. మొహం చిట్లించుకుని, ఆలస్యమైనందుకు మమ్మల్ని దులపడానికి సిద్ధంగా.

తలుపు తీశావు. వెచ్చదనం నా మొహానికి తగిలింది. అప్పుడు నాకు మాట పోయింది. కోపం ఎక్కడిది? నోరు తెరిస్తే ఏడుస్తానని తెలుసు. పార్జిటర్ ముందు ఏడిస్తే "మానసికంగా సిద్ధంగా లేదు" అని రాసుకుంటుంది. అందుకే పళ్ళు బిగించుకుని టీ పెట్టాను. ఆ మార్చి ప్రశ్న అడిగినప్పుడు నిజంగానే నా దగ్గర జవాబు లేదు. ఏటా రెండుసార్లు గడియారాలు తిప్పుతూ, కరెంటు పోయినప్పుడల్లా సెల్లార్‌లోకి దిగుతూ ముప్ఫై ఏళ్ళు బతికాను. అయినా నాకు ఆ సంగతి తట్టలేదు. ఉన్నచోటే ఉంచమని నీకు హుకుం కూడా జారీచేశాను. నువ్వు అలమారా తెరిచావు. ఓట్స్ డబ్బా పక్కన అది బుద్ధిగా తిరుగుతోంది. పార్జిటర్ వంగి చూసి, "ఇది ఎవరి ఆలోచన?" అంది. నువ్వు నావైపు చూపించావు. అబద్ధం చాలా నెమ్మదిగా, చాలా అందంగా ఆడావు. వేషాలు వేయనన్నావు కదూ.

రేడియేటర్ మీద చెయ్యి పెట్టి నిలబడింది అందుకే. నీవైపు తిరిగి ఉంటే నా పని అయిపోయేది.

నలభై ఏళ్ళు ఎర్రసిరాతో పిల్లల తప్పులు దిద్దాను. ఒక తప్పు నా ఇల్లు నాకు మిగిల్చిపెడుతుందని ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ళకు కూడా సున్నా వేసేదాన్ని. ఇక ముందు నువ్వు డాక్టరు దగ్గరికో ఇంకెక్కడికో గంట ముందు పోయి కూర్చోకూడదని ఇంత విడమరిచి చెప్పాను. నీ తప్పు మాత్రం దిద్దలేదు, అది గమనించు. నీకు నేను రుణపడి ఉన్నాను, ఫెమ్కె. ఇది ఉత్తరాల చివర రాసే మాట కాదు. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు. నువ్వు నాకు దొరికావు.

గురువారం మధ్యాహ్నానికి చేరతాను. ఆ వారాంతం అక్కడే ఉండు. డంకన్ గదిలో పడుకో, పరుపు కింద గట్టి చెక్క ఉంది, నడుముకు మంచిది.

నీ నానమ్మ,
ఎనిడ్

తా.క. బుధవారం కీత్లీ మార్కెట్‌కు వెళ్ళి మార్మలేడ్‌కు చేదు నారింజలు మూడు పౌన్లు తీసుకురా. జనవరిలో రెండు మూడు వారాలే దొరుకుతాయి, మళ్ళీ ఏడాదిదాకా ఉండవు. మధ్య వరుసలో నీలం టార్పాలిన్ కొట్టువాడి దగ్గర తీసుకో. తోలు గరుగ్గా, మొటిమలతో, చూడటానికి వికారంగా ఉన్నవే ఏరు. నున్నగా మెరిసేవి తియ్యవి, అవి అక్కర్లేదు. వాడు అవే అంటగట్టాలని చూస్తాడు, ఒకదాన్ని గోటితో గిచ్చి వాసన చూడు. నిమ్మకాయలు రెండు. చక్కెర ఇంట్లో ఉంది. ఖాళీ సీసాలు లేవు, నీ దగ్గరున్నవి మూతలతో సహా తీసుకురా. మూతలు మరిచిపోకు.